పట్టింది కదా అని

ఆ ఇంట్లో "సరిపోయింది" అనే మాటకి రెండు అర్థాలున్నాయని కొత్తకోడలికి తెలిసేసరికి పెళ్ళై తొమ్మిది రోజులైంది.

తొమ్మిదో రోజున, అత్తగారు ఉప్పు వేసి దింపిన గిన్నెలో తనూ ఓ చెంచాడు వేసి కలిపేసి, "ఉప్పు నేను వేసేశాను అత్తయ్యా" అని గర్వంగా చెప్పింది. అత్తగారు గరిటె పట్టుకున్న చెయ్యి అలాగే గాల్లో ఆపి, "సరిపోయింది" అంది. కోడలి మొహం చాటంత అయింది. మొదటిసారి చేతికే కొలత కుదిరిందంటే మాటలా! భోజనాల దగ్గర మొగుడు మొదటి ముద్దకే రెండు గ్లాసుల నీళ్ళు గటగటా తాగాక గానీ అసలు సంగతి బయటపడలేదు. అప్పట్నించి మొగుడూ పెళ్ళాలకి అదో ఆట. ఇంట్లో ఎవరి నోటినుంచి ఆ మాట వచ్చినా ఒకళ్ళు రెండోవాళ్ళ చెవిలో, "ఏ సరిపోయింది? మంచిదా, మాయదారిదా?" అని అడగాలి.

ఇప్పుడు పెళ్ళై ఏడు వారాలు. గలగలా మాట్లాడుతూ ఒకచోట కుదురుగా కూర్చోదని మొగుడు ఆమెని పిచ్చుక అంటాడు. ఆ పేరుతో అతను పిలిచిన ప్రతిసారీ ఆమెకి మెడ వెనక సన్నగా కితకితలు పుడతాయి. అతను నీటి గొట్టాల సర్వేయరు. ఊరంతటి కిందా పారే గొట్టాలు ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ సన్నబడతాయో, ఎక్కడ నీటి ఒత్తిడి పడిపోతుందో రెండేళ్ళు వీధివీధీ నడిచి కొలిచాడు. పదకొండు వేల కలయికలు. అంత నడిచిన మనిషికి బూటు లేసు కట్టుకోవడం మాత్రం రాదు. పొద్దున్నే గుమ్మం దిగేటప్పుడు పిచ్చుక వంగి ముడి వేస్తుంది, వీధి మలుపు తిరిగేలోగా అది ఊడుతుంది. ఆమెకి అదీ ముద్దే.

ఆ రెండేళ్ళ నడకంతా వెనకగదిలో ఉన్న కంప్యూటరులో ఉంది. గొట్టాల పటం ఇంటర్నెట్టులో ఎక్కడా దాచకూడదని నీటి ఆఫీసు షరతు. అందుకని అతను రెండు డిస్కులు పెట్టుకున్నాడు. "ఒకటి పోయినా రెండోది ఉంటుంది పిచ్చుకా" అంటాడు ధీమాగా. రెండూ ఉండేది ఒకే డబ్బాలో, ఒకే తీగ మీద. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, అందులో ముప్పుందని మాత్రం ఏ ఒక్కరికీ తట్టలేదు.

ఇక ప్రాసెసరు. అది పిచ్చుక పిన్ని కొడుకు పెళ్ళికి ఇచ్చిన కానుక. బొమ్మల సినిమాలు తీసే స్టూడియోలో పని చేస్తాడతను. "ఇదొక్కటి పెట్టుకో బావా, నీ లెక్కలు చిటికెలో తేలిపోతాయి" అన్నాడు. అరచేతిలో ఇమిడిపోయే ఆ వెండిబిళ్ళని చూసి పిచ్చుక మురిసిపోయింది. తీరా వివరాలు చదివితే తెలిసింది, డబ్బా మీద నూట ఇరవై ఐదు వాట్లని రాసి ఉన్నా, పని ఒత్తిడి పెరిగితే అది రెండొందల యాభై దాటి లాగేస్తుందని. పాత మదర్‌బోర్డు మీద అది కూర్చోనే కూర్చోదు. పాత పవర్ సప్లై మొత్తం సత్తా నాలుగొందల యాభై. అందులోనే మిగతా డబ్బా అంతా బతకాలి.

"ఏనుగుని ఇచ్చి అంకుశం ఇవ్వడం మర్చిపోయాడన్న మాట మీ అన్నయ్య" అంది అత్తగారు ముందుగదిలో మిషను తొక్కుతూనే. ఆవిడ దర్జీ. బడిపిల్లల యూనిఫాం చొక్కాలు కుడుతుంది. ప్రాసెసరుకి బకాసురుడని పేరు పెట్టిందీ ఆవిడే.

పోయిన ఆదివారం ముగ్గురూ కంప్యూటరు సామాన్ల షాపుకి వెళ్ళారు. పిచ్చుక, మొగుడు, చిన్నమావయ్య. చిన్నమావయ్య అంటే మావగారి తమ్ముడు. ఆస్పత్రుల్లో మిషన్లు బాగుచేసే మెకానిక్కు. నోటికి తాళం వేసి తాళంచెవి ఎక్కడో పారేసుకున్న రకం. ఒక మాటతో పోయేదానికి రెండో మాట వాడడు, ఫోనులో మెసేజీ పెట్టినా అంతే. ఇంట్లో అందరూ వెనకాల ఆయన్ని ఒంటిమాట అంటారు.

షాపువాడు ఓ చవక బోర్డు తీసి బల్ల మీద పెట్టాడు. "సాకెట్టు అదే మేడం. చక్కగా పట్టేస్తుంది."

పిచ్చుక కళ్ళు మెరిశాయి. ఒంటిమాట ఆ బోర్డుని తిప్పి, ప్రాసెసరు కూర్చునే చోటు పక్కన బోసిగా ఉన్న చిన్నచిన్న నల్ల పలుకుల మీద వేలు పెట్టాడు.

"పడుతుంది. మొయ్యదు."

అంతే ఆయన ఉపన్యాసం. మిగతాది మొగుడు తన భాషలో విడమరిచి చెప్పాడు. "చూడు పిచ్చుకా, పవర్ సప్లై ట్యాంకు. ఈ పలుకులు గొట్టాలు. ట్యాంకు ఎంత పెద్దదైనా గొట్టం సన్నదైతే మేడ మీదకి నీళ్ళెక్కవు. బకాసురుడు అన్నం అన్నం అని అరుస్తాడు, ఈ బోర్డు వేడెక్కిపోతుంది. చివరికి వాడే ఆకలికి నీరసపడి పాత ప్రాసెసరులా పాకుతాడు."

అప్పుడు ఒంటిమాట లోపలికెళ్ళి వేరే బోర్డు ఎంచాడు. ప్రాసెసరు చుట్టూ ఆ పలుకులు రెండింతలు, వాటి మీద లావాటి అల్యూమినియం దిమ్మెలు, పైమూల ప్రాసెసరుకే విడిగా కరెంటిచ్చే సాకెట్లు రెండు. దానికి జోడుగా రెండు తీగలూ ఉన్న ఎనిమిదొందల యాభై వాట్ల పవర్ సప్లై, ఓ కొత్త మెమరీ, పిడికిలంత రెండు ఫ్యాన్లున్న కూలరు. ఆ డబ్బాలన్నీ ఒళ్ళో పెట్టుకుని స్కూటరు వెనక కూర్చుని వస్తుంటే, ఊరంతా తననే చూస్తున్నట్టు అనిపించింది పిచ్చుకకి. నగలడబ్బా తెచ్చుకున్నా అంత వైభవంగా ఉండేది కాదేమో.

ఇదంతా ఆదివారం సరదా. శనివారం మధ్యాహ్నానికి సరదా కాస్తా గుండెదడగా మారింది.

నీటి ఆఫీసు గడువు శనివారం సాయంత్రం ఆరు. ఊరి చివర పంపుహౌసులో తీసిన ఆఖరి కొలతలు కలిపి, పదకొండు వేల కలయికల లెక్కా మొదట్నించి చివరిదాకా మళ్ళీ వేసి పంపాలి. పాత కంప్యూటరుకి అది ఓ పగలూ రాత్రీ పని. కొత్తదానికి రెండు గంటలు. పన్నెండున్నరకి మొగుడు పంపుహౌసు నుంచి ఫోను చేశాడు.

"కొలతలు పంపాను పిచ్చుకా. నేను బస్సు దిగేసరికి అయిదు దాటుతుంది. నువ్వు బిగించి మొదలుపెట్టేస్తావుగా?"

"కాలేజీలో ఫిజిక్సు ఊరికే చదివాననుకున్నారా? మూడింటికల్లా మీ బకాసురుడు భోజనానికి కూర్చుంటాడు, చూడండి."

"జాగ్రత్తమ్మా. రెండేళ్ళు నడిచాను" అన్నాడు నవ్వుతూనే. నవ్వుతూ అన్నాడనే ఆ మాట ఆమె గుండెలో మరీ లోతుగా దిగబడింది.

బిగించింది. నిజంగానే ముచ్చటగా బిగించింది. బకాసురుణ్ణి ఊపిరి బిగబట్టి సాకెట్టులో కూర్చోబెట్టింది, కూలరు నిలబెట్టింది, పైమూల రెండు సాకెట్లకీ రెండు కొత్త తీగలూ టక్ టక్‌మని పెట్టింది. ఆ చప్పుడుకే ప్రాణం లేచొచ్చింది. ఆఖరున మిగిలింది డిస్కుల తీగ. పాత పవర్ సప్లై నుంచి బయల్దేరి, బోర్డుని బిగించిన రేకు పలక వెనకనుంచి తిరిగి, రెండు డిస్కులకీ చేరే పాత తీగ. నాలుగు వేళ్ళకొకటి చొప్పున దాన్ని నల్లదారంతో డబ్బాకి కట్టి ఉంది. ఒక్కో ముడీ గింజంత, అన్నీ ఒకే వరస. పిచ్చుక వాటిని వేలితో తడిమింది. ఎంత ఓపికగా వేశాడో! ఆ రోజుల్లో తనెవరో కూడా అతనికి తెలీదు. తను రాకముందే తన కోసం ఎవరో గది సర్దిపెట్టినట్టు అనిపించిందామెకి.

ఆ ముడులు కొయ్యడానికి చెయ్యి రాలేదు. పాత పవర్ సప్లై వైపు కొస మాత్రం ఊడదీసి, కొత్తదాని సాకెట్టులో పెట్టి చూసింది. టక్. చక్కగా పట్టింది. కొత్త పవర్ సప్లైతో వచ్చిన డిస్కుల తీగని సంచీలోనే ఉంచేసి చిన్నమావయ్యకి మెసేజీ పెట్టింది. "అంతా అయిపోయింది మావయ్యా! డిస్కులకి పాత కేబులే కొత్త పవర్ సప్లైకి పెట్టేశాను. టక్కున పట్టింది!"

రెండు నలభైకి జవాబొచ్చింది.

"సరిపోయింది"

పిచ్చుక ఎగిరి గంతేసినంత పని చేసింది. ఒంటిమాట దగ్గర మెప్పు! గోడ మీది స్విచ్చు వేసి, పవర్ సప్లై వెనకున్న స్విచ్చు మీద వేలు పెట్టి, ముందుగదిలోకి కేకేసింది. "అత్తయ్యా! చిన్నమావయ్య సరిపోయిందన్నారు!"

మిషను చప్పుడు ఆగింది.

"ఎవరూ, మా మరిదే?"

"అవునండీ."

"ఏదీ, అన్నదన్నట్టు చదువు."

పిచ్చుక ఉత్సాహంగా చదివింది.

"అలా దీర్ఘం తీసి కాదమ్మాయ్. నీ గొంతు పక్కన పెట్టి చదువు."

"సరిపోయింది. అంతే ఉందత్తయ్యా. చుక్క కూడా లేదు."

అత్తగారు మెడలో టేపుతోనే గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్నాను మా మరిదిని. వాడు బాగున్నదాన్ని బాగుందనడం నేనెరగను. బాగుంటే మాట్లాడడు. వాడు నోరు తెరిచాడంటే ఏదో చెడిందన్నమాటే."

స్విచ్చు మీంచి వేలు తీసేసింది. ఉప్పు గుర్తొచ్చింది పిచ్చుకకి. ఏ సరిపోయింది? మంచిదా, మాయదారిదా?

వెంటనే ఫోను చేసింది. స్విచాఫ్. మళ్ళీ చేసింది. స్విచాఫ్. ఆస్పత్రి స్కానింగు గదిలోకి వెళ్ళేటప్పుడు ఫోను బయట అలమారాలో పెట్టి తాళం వెయ్యాలి, నాలుగింటిదాకా ఆయన బయటికి రాడు. మొగుడికి చేస్తే బస్సు హోరులో "ఆఁ? ఏంటీ? మొదలైందా?" తప్ప ఏమీ వినిపించలేదు. "వచ్చాక చెప్తాను లెండి" అని పెట్టేసింది.

నాలుగింటిదాకా ఆగితే రెండు గంటల లెక్క ఆరు దాటుతుంది. ఆగకపోతే... ఆ తీగకి చివర ఉన్నవి రెండేళ్ళు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"అంత అనుమానమైతే కొత్త తీగే వేసెయ్యరాదూ?" అంది అత్తగారు.

"వెయ్యాలంటే పలక విప్పాలి, కూలరు జరపాలి. ఆ ముడులన్నీ..." పిచ్చుక ముడుల సంగతి మింగేసింది. "అయినా పట్టింది కదత్తయ్యా. పట్టకపోతే తప్పనుకోవాలి గానీ."

అత్తగారు చేతిలో ఉన్న సగం కుట్టిన చొక్కాని పైకెత్తింది. "ఇదిగో, పై బొత్తాన్ని రెండో కాజాలో పెట్టావనుకో. రెండోది మూడో దాంట్లో పడుతుంది, మూడోది నాలుగో దాంట్లో. ఒక్క బొత్తామైనా పట్టనంటుందా? అన్నీ పడతాయి. చొక్కా మాత్రం వంకర."

పిచ్చుక ఆవిడకేసి కళ్ళప్పగించి చూసింది. షాపులో విన్న మాట చెవిలో గంటలా మోగింది. పడుతుంది. మొయ్యదు. పట్టడం ఒకటి, తగడం ఒకటి. వారం తిరక్కుండా మర్చిపోయింది.

గోడ స్విచ్చు కట్టేసి పాత తీగ రెండు కొసలూ ఊడదీసింది. డిస్కు వైపు ప్లగ్గు ఎవరు చేసినా ఒకటే. పవర్ సప్లై వైపు ఆరు కన్నాలున్నాయి. ఏ కన్నంలోకి పన్నెండు వోల్టులు రావాలో, ఏ కన్నంలోకి అయిదో, అదెవరు నిర్ణయించారు? చేసినవాడి ఇష్టం. వీడి పై కాజా వాడి రెండో కాజా కాకూడదని ఎక్కడుంది?

సొరుగులోంచి మొగుడి మీటరు తీసింది. దాని రెండు మొనలూ ఒకే తీగకి రెండు కొసలా తగిలితే కుయ్ మంటుంది. వేరువేరు తీగలైతే నోరు మెదపదు. కానీ మొనలు లావు, ప్లగ్గులో సందులు సన్నం.

"అత్తయ్యా, మీ గుండుసూదులు!"

అత్తగారు మణికట్టుకి కట్టుకున్న సూదుల దిండుతో సహా వచ్చి నేల మీద చతికిలబడింది. ప్లగ్గు చివరి సందులో, పన్నెండు వోల్టులు రావలసిన చోట, సూది గుచ్చి కదలకుండా పట్టుకుంది. పిచ్చుక రెండో కొసలో ఒక్కో కన్నమే తడుముతూ వచ్చింది. పాత తీగ. మొదటి కన్నం, మౌనం. రెండోది, మౌనం. మూడోది, కుయ్. కాగితం మీద గుర్తు పెట్టుకుంది. కొత్త తీగ సంచీలోంచి తీసి అదే చోట సూది గుచ్చారు. మూడో కన్నం, మౌనం.

"సరిగ్గా తగల్లేదేమో. మళ్ళీ పెట్టండత్తయ్యా."

మళ్ళీ మౌనం. నాలుగు. అయిదు. ఆరోది, కుయ్.

పాత తీగలో అదే ఆరో కన్నం ఎక్కడికి పోతోందో కూడా చూసింది. అది అయిదు వోల్టులు వెళ్ళే చోటికి పోతోంది. అంటే తను ఇందాక స్విచ్చు నొక్కి ఉంటే, అయిదు తాగే డిస్కుల నోట్లో పన్నెండు పోసేది. రెండింటికీ. ఒకేసారి.

పిచ్చుక మీటరు కింద పెట్టి, డబ్బాలోని నల్లదారం ముడుల వైపు చూసింది.

"కత్తెర కావాలా?" అడిగింది అత్తగారు నెమ్మదిగా.

"ఇవ్వండి."

ఒక్కో ముడీ కోస్తుంటే ఒక్కో చుక్క రాలింది. ముడులకో, తప్పిపోయిన ముప్పుకో, ఆమెకే తెలీదు. కొత్త తీగ వెనకనుంచి దూర్చి, అత్తగారి ఎర్రదారంతో తోచినట్టు నాలుగు ముడులు వేసి, రెండు డిస్కులకీ తగిలించి, కూలరు మళ్ళీ బిగించేసరికి మూడున్నర. గోడ స్విచ్చు. వెనక స్విచ్చు. ముందు బటను.

ఫ్యాన్లు గిర్రున తిరిగాయి. తెర నల్లగా ఉంది.

నిమిషం. తెర నల్లగానే ఉంది. రెండు నిమిషాలు.

"ఏమందమ్మాయ్?"

"ఏమీ అనడం లేదత్తయ్యా."

"మా మరిది పోలికలా ఉందే."

పిచ్చుకకి నవ్వు రాలేదు. అరచేతులు చీరకి తుడుచుకుంది, చూసిన తీగనే మళ్ళీ చూసింది, బోర్డు మూల ఆరకుండా వెలుగుతున్న పసుపు దీపాన్ని చూసింది. ఇంకేం తప్పు చేశానురా భగవంతుడా అనుకుంటూ బోర్డుతో వచ్చిన పుస్తకం తిరగేస్తే, పన్నెండో పేజీలో ఉంది. మొదటిసారి కొత్త మెమరీని పరిచయం చేసుకోవడానికి బోర్డుకి కొన్ని నిమిషాలు పట్టవచ్చు, ఆపవద్దు. కొన్ని అంటే ఎన్నో రాసినవాడికే తెలియాలి. అయిదు నిమిషాలు. ఆరు. అత్తాకోడళ్ళిద్దరూ నేల మీద పక్కపక్కనే, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకున్న సంగతి కూడా తెలీకుండా కూర్చున్నారు.

ఏడో నిమిషంలో దీపం ఆరి, తెర తెల్లగా వెలిగింది.

డిస్కు ఒకటి ఉంది. రెండు, ఉంది. ఊరి గొట్టాలన్నీ నీలంగీతలై, సన్నని నరాల్లా, తెరంతా పరుచుకున్నాయి. పిచ్చుక అత్తగారిని కావలించుకుని ఓసారి ఊపేసి, తర్వాత ఆవిడ అత్తగారని గుర్తొచ్చి వదిలేసింది.

మూడు నలభై ఐదుకి లెక్క మొదలైంది. బకాసురుడు రెండొందల యాభై రెండు వాట్ల దగ్గర నిలబడి తింటున్నాడు. బోర్డు వేడి అరవై డిగ్రీలు దాటలేదు. అయినా ఆ అంకెల మీంచి కన్ను తిప్పుకోలేక, పాలు పొయ్యి మీద పెట్టిన మనిషిలా అక్కడే కూర్చుంది.

నాలుగూ అయిదుకి ఫోను మోగింది. ఫోను తీసి ఆమె కాల్స్ చూసుకున్న ఒంటిమాట ఆయాసపడుతున్నాడు.

"వెయ్యకు!"

"వెయ్యలేదు మావయ్యా. కొలిచి మార్చేశాను. కొత్త తీగే పెట్టాను."

అటువైపు ఫోను కట్. అరగంటకి మనిషే వచ్చేశాడు, మెడలో ఆస్పత్రివాళ్ళ విజిటరు కార్డు ఊగుతూనే ఉంది.

"బుద్ధుందా నీకు?" అత్తగారు గుమ్మంలోనే పట్టుకుంది. "ఒక్కమాట రాస్తావు, అదీ అటూ ఇటూ తిరిగే మాట. 'వద్దు' అని రాయడానికి రెండక్షరాలు. అదీ కరువేనా?"

"అర్థమవుతుందనుకున్నా వదినా" అన్నాడు ఒంటిమాట తల దించుకుని. అలాంటి మనిషికి సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడమే శిక్ష.

మొగుడు లేసు ఈడ్చుకుంటూ ఇంట్లో అడుగుపెట్టేసరికి అయిదూ ఇరవై. అయిదూ నలభైకి లెక్క తేలింది. ఆరుకి పదకొండు నిమిషాలుండగా నీటి ఆఫీసుకి వెళ్ళిపోయింది, అందిందని జవాబు కూడా వచ్చింది. అప్పుడు గానీ పిచ్చుక జరిగింది చెప్పలేదు. ఒకసారి మొదలుపెట్టాక ఆపనూలేదు. మెసేజీ, బొత్తాలు, గుండుసూదులు, కుయ్‌లు, అన్నీ. అంతా విన్న మొగుడు మెల్లిగా ఆమె పక్కన కూలబడి, డబ్బాలోని ఆ ఎర్రదారం ముడుల్ని చూశాడు.

"ఇంతకీ కొత్త తీగ సంచీలో ఉండగా పాతది ఎందుకు ఉంచావు పిచ్చుకా?"

పిచ్చుక తల వంచుకుంది. అందరిముందూ చెప్పడానికి సిగ్గేసింది గానీ, ఈ పూట దాచడానికి ఓపిక లేదు. కోసిన నల్లదారం ముక్కలు గుప్పెట్లోంచి తీసి చూపించింది.

"మీరు వేసిన ముడులు కదా... కొయ్యబుద్ధి కాలేదు."

మొగుడు ఆ ముక్కలకేసి చూశాడు. ఊడిపోయిన తన బూటు లేసుకేసి చూశాడు. ఆ తర్వాత, ఆస్పత్రి కార్డుతో గోడకి ఆనుకుని నిలబడ్డ బాబాయికేసి చూశాడు.

ఒంటిమాట గొంతు సవరించుకున్నాడు.

"నావి" అన్నాడు.

అత్తగారు మణికట్టు దిండులో సూదులు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ లేచి, మిషను వైపు నడుస్తూ, వెనక్కి తిరక్కుండానే అంది.

"సరిపోయింది!"